సీటు కింద పాటల డబ్బా

నా దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు సొంత దుకాణాలు నడుపుకుంటున్న పిల్లలు ఒక్క విషయంలో నన్ను ఇప్పటికీ ఆటపట్టిస్తారు. కారులో స్పీకర్లు బిగించడం అయిపోగానే నేను తాళంచెవి ఇచ్చి పంపేవాణ్ణి కాదు. యజమానినీ, ఆయన ఇంట్లోవాళ్ళనూ, డ్రైవరుంటే డ్రైవరునూ పిలిచి, సీటు లేపి, ఎక్కడ ఏం పెట్టానో చూపించి, చేత్తో తాకించేవాణ్ణి. "కొత్త కోడలికి ఇల్లు చూపిచ్చినట్టు చూపిస్తడు మా ఉస్తాద్" అని నవ్వుకునేవారు. ఎండలో నిలబెట్టానని విసుక్కున్న గిరాకీలూ ఉన్నారు. నేనేదో పద్ధతిగల మనిషినని వాళ్ళు అనుకున్నారు. నేనూ అనుకోనిచ్చాను. ఆ అలవాటు ఎట్లా వచ్చిందో దుకాణం నడిపినన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

తొంభైల మొదటి సంవత్సరాల మాట. భద్రాచలంలో బస్టాండుకు పోయే దారిలో నా దుకాణం. లారీల వైరింగు, జీపుల హారన్లు, డైనమోలు నా అన్నం. కార్లలో పాటల టేపులు బిగించడం మాత్రం నా సరదా. అంతకు ముందు మైక్‌సెట్ల రిపేరు చేసినవాణ్ణి కనుక శబ్దం పని అంటే కొంచెం గర్వం కూడా ఉండేది.

తల్లాడ దగ్గరి ఒక రైతు కుటుంబం కారు నా దగ్గరికి వచ్చేది. వాళ్ళ పెద్దలు ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. చర్ల వైపు గోదావరి ఒడ్డున పొలాలు కౌలుకు తీసుకుని మిరప వేసేవారు. భార్యాభర్తలిద్దరూ తరచుగా కారులో తోటకు పోయి వస్తూ, భద్రాచలంలో ఆగేవారు. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్ళం. ఆమెను అమ్మగారు. డ్రైవరు చర్ల అవతలి కోయ గూడెం మనిషి. ముప్ఫై ఏళ్ళుంటాయి, పెళ్ళయి బిడ్డ ఉంది. నవ్వు మొహం. స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ బండి నడిపేవాడు.

ఒకరోజు అమ్మగారు కారు దిగకుండానే నన్ను పిలిచింది.

"ఏమయ్యా, ఈ కారు చేసినవాళ్ళు పాటలు ముందు సీటు వాళ్ళకే పెట్టారా? ముందు వాళ్ళిద్దరికీ భజన వినిపిస్తుంది. వెనక నాకు గుంటల చప్పుడే."

నిజమే. కంపెనీ బిగించి పంపిన స్పీకర్లు ముందు తలుపుల్లో ఉన్నాయి, అరచేయంత. చర్ల రోడ్డు గతుకుల్లో వాటి గొంతు వాటికే వినపడదు. వెనక సీటు వెనకున్న పలక కోసి కోడిగుడ్డు ఆకారంలో ఉండే పెద్ద స్పీకర్లు రెండు బిగిద్దామన్నాను. వాటిని మోగించే బలం టేపుకు ఒక్కదానికే చాలదు, మధ్యలో ఆంప్లిఫయర్ కావాలని చెప్పాను.

"మా బావమరిది జపానుది పెట్టించాడయ్యా. అట్లాంటిదే తెప్పించు" అన్నాడు పెద్దాయన.

"తెప్పిస్తా సార్" అన్నాను.

జపాను సరుకు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు. నేనే తయారు చేయగలనని మాత్రం తెలుసు. ఆ మాట చెబితే ఆయన కాదనేవాడు కాదేమో. కానీ ఎవరి బావమరిది కారులోనో ఉన్న వస్తువు నా దగ్గర లేదనడానికి నోరు రాలేదు. పాత మైక్‌సెట్ సామాను తెచ్చి, రాత్రీ పగలూ కూర్చుని ఆంప్లిఫయర్ కట్టాను. మంచిగానే వచ్చింది. దాన్ని పెట్టడానికి పెట్టె కావాలి. ఇంట్లో వెతికితే గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి కనబడింది. నా భార్య పుట్టింటికి పోయి ఉంది. అడిగేవాళ్ళు లేరు. డబ్బాకు బెజ్జాలు వేసి, లోపల సామాను బిగించి, అది వంటింటి డబ్బా అని ఎవరికీ తెలియకుండా చుట్టూ నల్ల టేపు చుట్టేశాను. వెనక సీటు కింద మూలకు బిగించి, బ్యాటరీ నుంచి ఎర్ర వైరు నేరుగా లాగి, చాప కిందినుంచి తెచ్చి కలిపాను.

సీటు లేపడానికి సాయం పట్టిన డ్రైవరు అది చూశాడు.

"ఏందన్నా ఇది? మురుకుల డబ్బా లెక్కున్నది!"

"చుప్. పాటల డబ్బా ఇది. పెద్దాయనకు చెప్పకు. జపాన్‌దని చెప్పిన."

పడీపడీ నవ్వాడు. "నాకెందుకన్నా! నేను సీటు లేపనే లేదు, చూడనే లేదు."

పెద్దాయన వచ్చాక పలక మీది స్పీకర్లు చూపించాను. "జపానుది ఏదయ్యా?" అని అడిగాడు. "అది లోపలనే టేపుతోని కలిసిపోయింది సార్" అన్నాను. ఆయన తల ఊపాడు. సీటు కింద ఏదో ఉందని ఆయనకు తెలియకుండా పోయింది.

భజన క్యాసెట్టు పెట్టి చూశాం. ఆ క్యాసెట్టులో తాళాలు ఎడమ స్పీకర్లో, మద్దెల కుడి స్పీకర్లో పలికేవి. అమ్మగారు కళ్ళు మూసుకుంది. డ్రైవరు మాత్రం వెనక్కి తిరిగి, ఎడమకూ కుడికీ చూస్తూ చిన్నపిల్లాడైపోయాడు.

"అన్నా, తాళాలు ఈ దిక్కు, మద్దెల ఆ దిక్కు! భజనోళ్ళ నడిమిట్ల నన్ను కూసోబెట్టినవ్ గదనే!"

నా పనికి అంతకన్నా మంచి మాట ఎవరూ అనలేదు.

మిరప కోతలు నడుస్తున్న ఎండాకాలం అది. ఒక మధ్యాహ్నం టీ హోటలుకు పోతే, చర్ల బస్సు దిగినవాళ్ళు గట్టిగట్టిగా మాట్లాడుకుంటున్నారు. దారిలో చెక్‌పోస్టు దగ్గర ఒక కారులో బాంబు దొరికిందట. బస్సును చాలాసేపు ఆపేశారట. ఆ రోజుల్లో ఆ దారిలో నక్సలైట్లు రోడ్డు కింద మందుపాతర పెట్టారేమోనన్న భయం అందరికీ ఉండేది. అడుగడుగునా తనిఖీలు. నేను కూడా అందరిలాగే "అయ్యో" అనుకుని టీ తాగి వచ్చాను. ఆ కారు ఏదో నాకు తట్టనే లేదు.

దుకాణానికి వచ్చేసరికి మామూలు బట్టల్లో ఒక కానిస్టేబులు నా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తల్లాడ పెద్దాయన కారు గుర్తులు చెప్పాడు.

"ఈ బండికి పని చేసినవా?"

"అవ్ సార్. స్పీకర్లు మార్చిన."

"సీటు కింద నల్ల డబ్బా ఉన్నది. దాంట్లకు బ్యాటరీ వైరు ఉన్నది. నువ్వు పెట్టినవా?"

అప్పుడు తగిలింది దెబ్బ. చెవుల్లో హోరు తప్ప ఏమీ వినబడలేదు కాసేపు. బ్యాటరీలు, వైర్లు అమ్మే మావంటి వాళ్ళను పిలిచి, ఎవరికి అమ్మావు, ఎందుకమ్మావు అని అడుగుతున్న రోజులు. అలా పోయినవాళ్ళు ఎప్పుడు ఇంటికి వస్తారో ఎవరూ చెప్పలేరు. నా నోటికి వచ్చింది ఒక్కటే మాట.

"నాకు తెల్వదు సార్."

"డ్రైవరేమో నువ్వే పెట్టినవంటున్నడు. పాటల డబ్బా అంటున్నడు."

"ఆయనెందుకు అంటున్నడో నాకు తెల్వదు సార్. నేను స్పీకర్లే బిగించిన."

ఆయన నా మొహం వైపు ఒక్కసారి చూసి లేచి వెళ్ళిపోయాడు. నేను ఆ స్టూలు మీదే కూర్చున్నాను. అది ఆంప్లిఫయరేనని వాళ్ళే తెలుసుకుంటారులే, వదిలేస్తారులే అనుకున్నాను. అలా అనుకుంటే గుండె కొంచెం నెమ్మదించింది. మనిషి తనకు కావలసింది ఎంత తొందరగా నమ్ముతాడో చూడండి.

అంతలో నా భార్య అన్నం తెచ్చింది. ఆమె పుట్టింటి నుంచి తిరిగొచ్చి కొన్నాళ్ళయింది. వస్తూనే మొదలుపెట్టింది.

"నా మురుకుల డబ్బా నువ్వేమన్న తెచ్చినవా? ఇల్లంతా దేవులాడిన."

నా మొహం చూసింది. ఆమెకు అర్థమైంది. అన్నం గిన్నె కింద పెట్టి, "ఏమైంది?" అంది. చెప్పాను. గొంతు తగ్గించి, రోడ్డు వైపు చూస్తూ అంతా చెప్పాను. నాకు తెలియదన్నానని కూడా చెప్పాను.

"తెల్వదంటే ఎట్ల అయితది? దాని మీద నా పేరున్నది గద!"

"పేరా? ఏడున్నది?"

"అడుగున. పెండ్లికి మా నాయిన అన్ని సామాన్ల మీద కొట్టిచ్చిండు. ఇంటిపేరుతోని సహా. ఇన్నేండ్ల సంది తింటున్నవ్, ఒక్క గిన్నె అడుగన్న చూసినవా? తోమితే గద తెల్సుడు!"

నేను మూత చూశాను, లోతు చూశాను, బెజ్జాలు ఎక్కడ వేయాలో చూశాను. అడుగున టేపు చుట్టేటప్పుడు కూడా వేళ్ళకు ఆ చుక్కచుక్కల అక్షరాలు తగిలే ఉంటాయి. గరుకు అనుకుని ఉంటాను. టేపు ఊడదీస్తే చాలు, మా మామ ఇంటిపేరుతో సహా నా ఇల్లు దొరుకుతుంది. లేచి నిలబడ్డాను.

"మరి నీ పేరు చెప్పిన ఆ పిలగాని గతేంది?" అంది ఆమె.

ఇక్కడ దాచకుండా చెప్పాలి. ఆ డ్రైవరు సంగతి నాకు అప్పటిదాకా గుర్తే లేదు. నేను లేచింది అతని కోసం కాదు. డబ్బా అడుగున ఉన్న పేరు కోసం.

స్టేషనుకు పరుగెత్తాను. ఆ కానిస్టేబులు బయటే మోటారు సైకిలు దగ్గర ఉన్నాడు. "సార్, డబ్బా నాదే. నేనే పెట్టిన. పాటలదే సార్" అన్నాను.

"ఇందాకనే గద తెల్వదంటివి! తమాషా చేస్తున్నవా?"

"భయపడ్డ సార్."

లోపలికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చి, నన్ను వెనక ఎక్కించుకున్నాడు. ఊరు దాటాక అడిగాను.

"నేను తెల్వదన్న మాట అక్కడికి పోయిందా సార్?"

"ఎప్పుడో పోయింది. వైర్‌లెస్‌ల చెప్పినం."

రెండు పక్కలా ఆకు రాలిన అడవి. దారంతా ఆ బండి చప్పుడు ఒక్కటే.

చెక్‌పోస్టు దగ్గర పెద్దాయన కారు రోడ్డు మధ్యలో ఒంటరిగా నిలబడి ఉంది. నాలుగు తలుపులూ తెరిచి ఉన్నాయి. వెనక సీటు తీసి రోడ్డు మీద పడేశారు. మనుషులందరూ దూరంగా ఇసుక బస్తాల అవతల ఉన్నారు. పెద్దాయనా, అమ్మగారూ ఒక ఇప్పచెట్టు కింద నేల మీద కూర్చున్నారు. ఆయన చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. డ్రైవరు కనబడలేదు.

ఏం జరిగిందో అమ్మగారు తర్వాత చెప్పింది. సీటు కింద ఏమైనా ఉందా అని పెద్దాయనను అడిగితే, "ఏం లేదు" అన్నాడు. ఆయనకు తెలిసింది అదే. సీటు లేపితే నల్ల డబ్బా, ఎర్ర వైరు. అప్పటిదాకా నాకిచ్చిన మాటకు నోరు కట్టుకున్న డ్రైవరు, "పాటల డబ్బా సార్, టేపు షాపు అన్న పెట్టిండు" అన్నాడు. యజమాని లేదంటాడు, డ్రైవరు ఉందంటాడు. పైగా డ్రైవరు అడవి లోపలి గూడెం వాడు. అతన్ని పోలీసుల గుడారం వెనక్కి తీసుకుపోయారు. సరే, ఆ షాపతన్నే అడుగుదామని కబురు పంపారు. నా జవాబు వచ్చింది.

"నీ జవాబు వచ్చిందాకా మంచిగానే మాట్లాడారయ్యా" అంది అమ్మగారు. అంతకుమించి ఆమె నన్నేమీ అనలేదు.

అక్కడి ఆఫీసరు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "బాంబులు తీసేటోళ్ళు కొత్తగూడెం దిక్కు నుంచి రావాలె. సాయంత్రమైతది" అన్నాడు.

"నేను తీస్త సార్."

"పేలితే?"

"పేలది సార్. పాడుతది."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఆఫీసరు నవ్వలేదు. "పో" అన్నాడు.

ఆ కొద్దిపాటి దూరం నడుస్తుంటే నా చేతులతో నేను కట్టిన వస్తువంటే నాకే భయమేసింది. నేను పెట్టినాక వేరెవరైనా పక్కన ఇంకేదైనా పెట్టారేమో! నేనే అబద్ధం ఆడాక ఇంకెవరిని నమ్మను? మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇనుము కాలుతోంది. డబ్బాకు చుట్టిన నల్ల టేపు చివర గోటికి దొరకలేదు. పళ్ళతో లాగాను. మూత తీస్తే లోపల నా మైక్‌సెట్ సామాను నేను పెట్టినట్టే ఉంది. ఊపిరి పీల్చుకుని ముందుకు వెళ్ళి తాళంచెవి తిప్పాను, పాటల టేపు గుండీ నొక్కాను.

క్యాసెట్టు ఎక్కడ ఆగిందో అక్కడినుంచి భజన అందుకుంది. తలుపులన్నీ తెరిచి ఉన్నాయేమో, తాళాలూ మద్దెలా అడవిలోకి దూసుకుపోయాయి. ఇప్పచెట్టు మీది పిట్టలు లేచిపోయాయి. ఇసుక బస్తాల వెనక తుపాకులు పట్టుకున్న కుర్ర పోలీసులు నోళ్ళు తెరిచి నిలబడ్డారు. అందరికీ నవ్వొచ్చింది. ఏడుపు ఆగిన తర్వాత వచ్చే నవ్వు అది.

ఆఫీసరు వచ్చి డబ్బా ఊడదీయించి తిరగేశాడు. మిగిలిన టేపు లాగి, చుక్కల అక్షరాలు కూడబలుక్కుని పైకి చదివాడు. నా భార్య పేరు అన్ని తుపాకుల మధ్య వినబడింది.

"ఎవరామె?"

"నా భార్య సార్. మురుకుల డబ్బా."

పెద్దాయన దగ్గరికి వచ్చి డబ్బాకేసి చూశాడు, నాకేసి చూశాడు. అమ్మగారే అంది. "జపాను వాళ్ళు జంతికల డబ్బాల మీద తెలుగులో పేర్లు కొడుతున్నారేంటయ్యా?"

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. సిగ్గుకు వేరే దారి దొరకలేదు.

అప్పుడు గుడారం వెనకనుంచి డ్రైవరు వచ్చాడు. ఎవరో చేతికి టీ గ్లాసు ఇచ్చారు. ఎడమ చెంప ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయింది. అతను నన్ను చూసి కూడా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నా నవ్వు ఆగిపోయింది.

"చూసినవా అన్నా, పాటల డబ్బా అని నేను అప్పుడే చెప్పిన."

వైర్లు మళ్ళీ కలిపాను. అతను తన సీట్లో కూర్చున్నాడు. భజన మోగుతోంది. తల అటూ ఇటూ తిప్పాడు. టేపు గుండీ ఒకటి తిప్పి చూశాడు. నన్ను పిలిచాడు.

"అన్నా, ఎడమ స్పీకర్ పోయినట్టున్నది. తాళాలు ఏడనో ఊరవతల మోగుతున్నయ్. అంతా కుడి దిక్కే వస్తున్నది."

వెనక్కి పోయి ఎడమ స్పీకరు మీద చెవి పెట్టాను. తాళాలు గణగణమని మోగుతున్నాయి. చెయ్యి పెట్టాను. స్పీకరు వేళ్ళ కింద వణుకుతోంది. ఏ లోపమూ లేదు. పోయింది స్పీకరు కాదని నాకు అర్థమైంది. అతనికి ఇంకా తెలియదు.

"అవ్. వైరు ఊడినట్టున్నది. దుకాణానికి రా, చేస్త" అన్నాను.

ఒకే రోజు రెండోసారి. మొదటిసారి నాకోసం భయపడి అబద్ధమాడాను. రెండోసారి అతని మొహం చూసే ధైర్యం లేక.

మిరప కోతలు అయిపోయాక కారు మా దుకాణం ముందు ఆగింది. అతని ఎడమ చెవిలో దూది ఉంది. నేను పెద్దాయనకు దండం పెట్టి, ఏమీ అనకుండా వెనక పలక మరలు విప్పడం మొదలుపెట్టాను. అతను వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఉండన్నా. విప్పకు. దవాఖానల చూపిచ్చుకున్న. లోపల పొర పగిలిందట. ఇగ రాదట."

మర విప్పేది కింద పెట్టాను.

"స్పీకర్ మంచిగనే ఉన్నది గదా?"

"ఉన్నది."

"నీకు ఆ రోజే తెల్సా?"

"తెల్సు."

తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. అతను తల దించుకున్నాడు.

"గట్లయితే అప్పుడే చెప్పకపోయినవ్? ఇన్ని రోజుల సంది దోవ పొంటి పెద్దాయనతోని నిన్ను తిట్టుకుంటనే ఉన్న. పని సక్కగ చేయలేదు, వైరు వదులు పెట్టిండని. నీ పనికి ఉత్తగనే పేరు చెడగొట్టిన."

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట నాకు మింగుడుపడలేదు. నావల్ల చెవి పోగొట్టుకున్న మనిషి, నా పనిని తప్పుగా అనుకున్నందుకు నా ముందు నొచ్చుకుంటున్నాడు. "తప్పు నాదిరా తమ్మీ" అన్నాను. మాట బయటికి వచ్చిందో లేదో. నేను నిలబడింది అతని ఎడమ పక్కన. కుడి పక్కకు తిరిగివచ్చి మళ్ళీ చెప్పాను. ఈసారి విన్నాడు. అవునని తల ఊపాడు. కాదనలేదు. అందుకు అతనికి ఋణపడి ఉన్నాను.

"ఇప్పుడు ఏం చేయమంటవ్?" అని అడిగాను.

"తాళాలు, మద్దెల రెండు ఒక్క దిక్కే వచ్చేటట్టు చేస్తవా?"

చేశాను. రెండు వైపుల పాటనూ కలిపి ఒక్కటి చేసి, అతని కుడి భుజం దగ్గరి తలుపులో మంచి స్పీకరు పెట్టి దానికి కూడా ఇచ్చాను. రెండుగా విడదీసి వినిపించడమే గొప్ప అనుకున్న పనిని నా చేతులతోనే వెనక్కి తిప్పాను. ఆంప్లిఫయరుకు అల్యూమినియం పెట్టె చేసి, దాని మీద తెల్ల రంగుతో పెద్ద అక్షరాలు రాశాను. "పాటల డబ్బా." కింద నా దుకాణం పేరు. బెజ్జాలు పడిన స్టీలు డబ్బా ఇంటికి పోయింది. నా భార్య దాంట్లో ఎల్లిపాయలు పోసుకుంది. గాలి బాగా తగులుతుందని వచ్చినవాళ్ళకల్లా చూపించేది.

పని అయ్యాక తాళంచెవి ఇవ్వబోయాను. డ్రైవరు తీసుకోలేదు.

"సీటు లేపి చూపియ్యన్నా. ఈసారి పెద్దాయనకు గూడ."

పెద్దాయనను పిలిచాను. అమ్మగారు కూడా దిగి వచ్చింది. సీటు లేపి పట్టుకున్నాను. ఇద్దరూ వంగి చూశారు. డ్రైవరు పెద్దాయన చెయ్యి పట్టుకుని డబ్బా మీద పెట్టించాడు.

"అడిగితే ఏం చెప్పాలె సార్?"

"పాటల డబ్బా" అన్నాడు పెద్దాయన, బడిపిల్లాడిలా.

"ఎవరు పెట్టిండ్రు?"

పెద్దాయన నా వైపు చూశాడు. డ్రైవరు కూడా, మంచి చెవి నా వైపు తిప్పి, నా వైపే చూశాడు.

"నేనే పెట్టిన" అన్నాను.